చెక్కుబందీ

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
జిరాక్సు షాపుకీ టీ బంకుకీ నడిమధ్య
ఏకాంబరం రేకుల గది.
ఇరవై రెండేళ్లుగా ఊళ్ల పొలాల్ని
నాలుగు దిక్కుల మధ్య ఇరికించి రాసే మనిషి.
"సి ఎర్రబడింది మే షంషాదూ,
ఒక దస్తావేజు సేవ్ కావాలంటే
ఇంకోటి చెరపాల్సొస్తా ఉంది."

పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశాను.
తెర మీద పొడుగాటి పట్టీ, మూడు ముక్కలు.
సి: తొంభై జీబీ, గాలాడని మిద్దె.
డి: మూడొందల అరవై, సగం బీడు.
కొసన పేరు లేని సన్న చీలిక.
"అదెవురిది?"
కంపెనీ వాళ్లది, మనం ముట్టుకోకూడదు.
"ఓహో, దేవుడి మాన్యం" అన్నాడు
కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి.

ముందు కాపీ తీయాలి.
అడంగల్ చూడకుండా హద్దురాయి కదపరు కదా.
ఫోల్డర్లు ఒక్కొక్కటే బయటి డిస్కులోకి పోతుంటే
పేర్లు చదివాను, చదవకుండా ఉండాల్సింది.
బంగారుపాళ్యం మామిడితోపు.
గుడిపాల గోడ తగాదా.
ఐరాల బావిలో మూడోవంతు, మోటారుకు మంగళ, శుక్రవారాలు.
ఆ కింద
తమ్ముడు భాగం చివరిది.
తమ్ముడు భాగం చివరిది రెండు.
తమ్ముడు భాగం నిజంగా చివరిది.
పద్నాలుగు ఫైళ్లు, ఏటా ఒకటి.
మిగతా అన్నిటి పక్కనా ముద్ర పడిన స్కాన్ కాపీ ఉంది.
వీటి పక్కన లేదు.
ఆయన టీ చెప్పడానికి బయటికి పోయాడు,
నేను చూస్తున్నానని తెలిసే పోయాడేమో.

డి ఎడమ అంచు పట్టుకుని కుడికి లాగాను.
మధ్యలో బూడిదరంగు జాగా తేలింది,
ఎవరి పేరా రాయనిది.
"పోరంబోకు" అన్నాడు వెనకనుంచి, రెండు గ్లాసులతో.
"సి లో కలిపెయ్."
అంత సులువు కాదు.
గీత జరగాలంటే గీతనానుకున్నవన్నీ
మూటాముల్లె సర్దుకుని జరగాలి,
మామిడితోపూ, గోడ తగాదా, మూడోవంతు బావీ,
ఒక్కో అక్షరం పక్కనున్న ఖాళీలోకి.
నడుమ కరెంటు పోతే
ఎవరి వరి ఎవరి మడిలో మొలుస్తుందో
నాకూ తెలీదు.
అప్లై నొక్కేముందు ఆయన్ని చూశాను.
ఇన్నేళ్లూ అందరిచేతా వేలిముద్రలు వేయించినవాడు
తన బొటనవేలు చూసుకున్నాడు.
"నువ్వే నొక్కు మే."

అరవై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమంటోంది.
ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించాయి.
గదికంతా ఆ నీలం పట్టీ ఒక్కటే వెలుతురు.
కాపీ ఉంది. అయినా చెమట.
పక్క షాపులో జనరేటరు తాడు లాగుతున్నారు,
దగ్గుతుంది, ఆగుతుంది.
అరవై నాలుగు.
"వాడు అడిగింది గెనెం మింద చింతచెట్టు ఒకటే"
అన్నాడు, నేనేమీ అడగకుండానే.
"ఎవురి పక్కకి రాసినా
నీడ రెండు పక్కలా పడతాది.
ఆ వాక్యం కుదర్లా నాకు."
అరవై నాలుగు.
అరవై నాలుగు.
జనరేటరు అందుకుంది.

ఐదు దాటాక సి కి ఎరుపు పోయి నీలం వచ్చింది.
దస్తావేజులన్నీ తెరిచి చూపించాను,
ఏ సర్వే నంబరూ తప్పలేదు.
ఆ పద్నాలుగూ తెరవలేదు, ఆయనా తెరవమనలేదు.
పట్టీలో గీత పక్కన ఇంకా
వెంట్రుకవాసి బూడిదరంగు,
ఒక ఎంబీ. ఎప్పుడూ అంతే,
అంచుకి అంచు పూర్తిగా కలవదు.
అదీ కలపనా, ఇంకోసారి ప్రయత్నిస్తే?
ఏకాంబరం తెరకి దగ్గరగా వంగి
చాలాసేపు చూశాడు.
"ఉండనీలే మే.
గెనెం మింద ఆమాత్రం ఉండాల,
ఎదురొచ్చినోడు పక్కకి నిలబడేదానికి."