చాపిన కాళ్ళకు ఎర్ర బూట్లు

కాటికి కాళ్ళు చాపుకున్న వయసట నాది,
మా చెల్లెలు ఎర్వీనా మాట అది.
సరే, ఎలాగూ చాపాను కదా,
ఊరికే ఎందుకుండాలని
ఆ కాళ్ళకి ఎర్ర బూట్లు తొడిగాను.
కొట్లో కుర్రాడు ముందు
బూడిదరంగు మెత్తటి జోడొకటి తెచ్చాడు.
"ఇవి మా డాక్టరు కాళ్ళకి బావుంటాయి నాయనా" అన్నాను.
తల గోక్కుని లోపలికెళ్ళి
ఇవి తెచ్చాడు.
మడమ ఎత్తు రెండు వేళ్ళు.

త్రియెస్తెలో నలభై ఒక్కేళ్ళు
పరాయి బట్టల అంచులు మడిచాను.
నోటినిండా గుండుసూదులు.
సూదులున్న నోరు అవుననదు, కాదనదు,
ఊఁ అంటుంది, అంతే.
సిన్యోరా మలబొత్తి నడుము
ఏ ఏడు ఎంత పెరిగిందో అడగండి, ఇప్పటికీ చెబుతాను.
నా నడుము మాత్రం
మొన్న మార్చిలో కొలుచుకున్నాను, మొదటిసారి.
టేపు మొహమాటం ఎరగదు.
పనిలో పనిగా పొడవూ చూశాను:
పెళ్ళినాటి కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ.
ఎక్కడ రాలాయో అవి,
మూడో అంతస్తు మెట్లమీదో,
మిషను ముందు వంగిన వంపులోనో.
వెతకలేదు.
కోటు గుడ్డలో ఆ నాలుగూ మిగిలితే
లోపలివైపు చిన్న జేబు కుట్టాను,
పడవ టికెట్టుకి.

కోటు రంగు చెప్పలేదు కదూ.
ఆవపూల పసుపు.
పైవాటాలో గోర్యుప్ గారు చూసి
"వీధి చివర్నుంచే కనిపిస్తున్నావు ఒందీనా" అన్నాడు.
కనిపించడానికేగా వేసుకోవడం!
ఆయనకి ఎనభై ఒకటి.
మర్నాడు చూద్దును కదా
మెడలో చుక్కల రుమాలు.
నేనేమీ అనలేదు.
ముడి కాస్త సవరించాను.

గురువారం గురువారం ముజ్జా పడవ.
అరగంట.
దీన్నీ ప్రయాణమంటావా అని నవ్వుతుంది ఎర్వీనా.
ఆమె లెక్కలో విమానం ఎక్కితేనే ప్రయాణం,
పెట్టె పోతేనే కబురు.
నా లెక్కకి
నేలకీ కాలికీ మధ్య కాసిని నీళ్ళొస్తే చాలు.
నా కొట్టు కిటికీ, ఆ వీధి, ఆ చర్చి గంట
సూదిబెజ్జంలో పట్టేంత అయ్యేదాకా
వెనక బల్లమీదే కూర్చుంటాను.
టికెట్టు చించే లివ్యో
ప్రతివారం అదే అడుగుతాడు:
"రానూ పోనూనా?"
"ఇవాళ్టికి అంతే" అంటాను.

నవంబరులో ఒకసారి
బోరా గాలి కొండమీంచి దూకి
నా టోపీ ఎత్తుకుపోయింది.
(మా చిన్నప్పుడు ఈ గాలికి
పట్టుకు నడవమని వీధుల్లో తాళ్ళు కట్టేవారు.)
కొత్త టోపీ. ఈక కూడా ఉంది.
రేవులో ఒక కుర్రాడు పరిగెత్తాడు, నేనూ పరిగెత్తాను,
చూస్తే మీరు దాన్ని పరుగనరు.
టోపీ వెళ్ళి సముద్రం మీద వాలింది,
కొంచెం ఒక పక్కకి వంచి, దర్జాగా.
నిజం చెప్పాలంటే
నాకంటే దానికే నప్పింది.
నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి.
పాపం వాడు హడలిపోయి
మంచినీళ్ళు తెచ్చాడు.

ఇంతకీ ముజ్జాలో ఏం చేస్తానంటే,
గాజు గ్లాసులో బుల్లి నురగ కాఫీ,
చక్కెర రెండు చెంచాలు,
డాక్టరు ఆ ఒడ్డున ఉండిపోయాడు కదా.
తర్వాత రేవు మెట్లమీద
ఎండలోకి కాళ్ళు చాపి
కాగితం పొట్లంలో వేయించిన చిన్న చేపలు
తలతో సహా, కరకరా.
వచ్చేపోయేవాళ్ళ అంచులు చూస్తాను.
వంకర కుట్లని క్షమిస్తాను, కొన్నిటిని.

నిన్న నూనెచుక్క పడింది కోటుమీద,
గుండెకి కాస్త కింద.
నూనె మరక నాకో లెక్కా?
సుద్దపొడి చల్లి, రాత్రంతా ఉంచి,
పొద్దున దులిపితే ఆనవాలుండదు.
సుద్దడబ్బా తీశాను కూడా.
మూత విప్పకుండానే మళ్ళీ పెట్టేశాను.
కోటు కొక్కేనికి తగిలించి
దీపం దగ్గరగా లాగి చూశాను.
చేపలా లేదు, దేనిలానూ లేదు.
మరకలా ఉంది.
వచ్చే గురువారం దాని పక్కన
ఇంకోటి పడితే పడొచ్చు.