ఉల్టా దమ్

రాణిగంజ్‌లో బేరమాడి కొన్నాను,
అద్దంలా మెరిసే అల్యూమినియం గొట్టం,
చివర ఎర్ర జాలీ టోపీ.
చల్లగాలి పీలుస్తుందన్నాడు అమ్మినవాడు.
బిగించిన రోజు
పదమూడేళ్ల నా బండి పులిలా గాండ్రించి
ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కుతూ
ఒక ఆటో వెనకే ఉండిపోయింది.

చప్పుడు పెరిగింది, పరుగు తగ్గింది.
మా ఆఫీసులో చాలామందికి సరిపోయే మాటే ఇది,
నాతో సహా. అది వేరే సంగతి.

మే నెల, మిట్టమధ్యాహ్నం.
మల్లేపల్లి గల్లీలో ఫయాజుద్దీన్ ఉస్తాద్
బానెట్ ఎత్తి, గొట్టం మీద వేలు పెట్టి,
చటుక్కున తీసి చెవితమ్మె పట్టుకున్నాడు.
"పొయ్యి ముంగట కూసొని ఊపిరి తీస్తున్నది సార్ మీ బండి.
దమ్ ఎక్కడికెల్లి వస్తది?"

గుజరాతీ గల్లీలో కొన్న ఫ్రిజ్ మీటరు,
దాని సన్న తీగ జాలీ టోపీకి కట్టి
ఒక చక్కర్ కొట్టి రమ్మన్నాడు.
మాసాబ్ ట్యాంక్ సిగ్నల్.
నూట నలభై సెకన్లు.
బయట నలభై మూడు.
గొట్టం నోట్లో నలభై తొమ్మిది,
యాభై ఆరు,
అరవై నాలుగు.
ఏసీ ఆపి అద్దం దించాను,
ఎందుకో, దానికి తోడుగా.
డెబ్బై ఒకటి దగ్గర పచ్చలైటు పడింది.

వేడిగాలి నీళ్లమజ్జిగ లాంటిది.
గ్లాసు నిండుతుంది, కడుపు నిండదు.

"బిర్యానీకి దమ్ ఎందుకు పెడతరు సార్?"
గిన్నె అంచుకు పిండి మెత్తి, మూత బిగించి...
"లోపలి ఆవిరి బయటికి పోకుండా," అన్నాను.
"గదే. ఇది ఉల్టా దమ్.
బయటి వేడి లోపటికి రావద్దు."

బిస్కెట్ల అట్టపెట్టె మీద ముందు బొమ్మ గీశాడు.
మూతపడ్డ టైలర్ దుకాణం బోర్డు రేకును
ఆ బొమ్మ ప్రకారం కత్తిరించి
ఇంజన్‌కూ గొట్టానికీ నడుమ నిలబెట్టాడు.
"సూటింగ్" అన్న మాటలో "సూ" ఒక్కటే మిగిలింది.
రేకు అంచుకు పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు,
బానెట్ మూస్తే సందు లేకుండా.
తర్వాత చేతులకు పాలిథిన్ సంచులు తొడుక్కుని
వెండిపొర కింద గాజునూలు ఉన్న పట్టీ తీసి
పుత్తూరు కట్టు కట్టినట్టు
చుట్టు మీద సగం చుట్టు, చుట్టు మీద సగం చుట్టు.
గొట్టం నోటిని హెడ్‌లైటు వెనక్కి తిప్పాడు,
వీధిగాలి తగిలే చోటికి.

అదే సిగ్నల్. అదే ఎండ.
యాభై రెండు.
ఫ్లైఓవర్ మీద కదులుతుంటే నలభై ఐదు.
పరీక్ష పాసైన పిల్లాడిలా తిరిగొచ్చి చెప్పాను.
ఉస్తాద్ మురిసిపోలేదు.
"ఇది చల్లగ చెయ్యదు సార్. ఆలస్యం చేస్తది, గంతే.
గంటసేపు నిలబెడితే గొట్టం కూడ కాగుతది.
అప్పుడు ఈ కంబళే ఆ వేడిని పోనియ్యదు.
కదులుతుండాలె."

డబ్బులు లెక్కపెడుతూ అప్పుడు గమనించాను,
అతని స్టూలు వెనక గోడకు అవతల
హోటల్ వాళ్ల రొట్టెల భట్టీ.
సున్నం గోధుమరంగుకు తిరిగింది.
టేబుల్ ఫ్యాను ఆ గోడ ముందు నిలబడి
ఆ గోడ గాలినే అతని మెడ మీదికి విసురుతోంది.
పద్దెనిమిదేళ్లుగా అక్కడే షెడ్డట.

మిగిలిన వెండిపట్టీ మూరెడు.
తీసుకుపొమ్మన్నాడు.
పనిముట్ల డబ్బా కింద పెట్టి వచ్చేశాను.

పై వారం హారన్ బాగుచేయించుకోవడానికి వెళితే
గోడ మీద, సరిగ్గా వీపు ఆనే చోట,
ఆ మూరెడు ముక్క నాలుగు మేకులతో మెరుస్తోంది.
"ఎంత తగ్గింది ఉస్తాద్, మీటరు పెట్టి చూశారా?"

పానా తుడుచుకుంటూ నవ్వాడు.
"వీపుకు మీటరు ఎందుకు సార్?"