కాంటా మీద శుక్రవారం

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు
బల్లార్షా టీవీల ముందు కూసుంటది.
నా ముందు లారీలు కూసుంటయి.
బొగ్గు డిపోల కాంటా గది,
ఎనిమిదికి ఎక్కితే మల్ల ఎనిమిదికే దిగుడు.
నిండు బండి తూగుతది, ఖాళీ బండి తూగుతది,
దాంట్లకెల్లి దీన్ని తీసేస్తే
మిగిలిందే బొగ్గు.

అందుకే ఆ నవ్వుల ప్రోగ్రాం
ఒక్క వారం గూడ చూడలే నేను.
మూడేండ్ల ఎపిసోడ్లు మాత్రం నోటికొస్తయి.

శనివారం పొద్దున ఓదెలు చాయ్ బండి కాడ
కాగితం మిల్లు వాసనల నిలబడి అడుగుత:
"ఈ వారం గెస్టు ఎవలే?"
"గా పాత హీరోయిన్. జోకు రాకముందే నవ్వుతది,
ప్లాట్‌ఫారం మీద రైలు లేకుంటనే ఎక్కినట్టు."
ఇగ దీని మీద అప్పీలు లేదనుకునేలోపే
సాసర్ల చాయ్ ఊదుకుంట గట్టయ్య అడ్డం వస్తడు:
"నవ్వనియ్యి రా. ఆమెను జూసే నేను నవ్విన.
జోకు కోసం ఆగితే తెల్లారుతుండె."

నిరుడు ఒక క్రికెట్ ఆటగాడు వచ్చిండట,
నడిమిట్ల డైలాగు మరిచి
పెండ్లి ఇంట్ల తప్పిపోయిన పోరని లెక్క నిలబడ్డడట.
"మరిచినట్టు యాక్షన్ జేసిండు" అంటడు ఓదెలు.
"మరిచిండు" అంటడు గట్టయ్య.
పది నెలలైంది. తెగలే.

ఇంటికొస్తే పక్కింటి శోభాతాయి.
తెలుగు ఒక్క ముక్క రాదు, ఒక్క వారం తప్పది.
"అత్త ఏషం కట్టినాయన ఈసారి పనికిరాడు" అని
మరాఠీల తేల్చి చెప్తది,
"కుచ్చిళ్ళు తొక్కుతాండు. చీరె అన్నంక జర భయం ఉండాలె."
ఈ మాట ఇంకెవ్వలూ అనలే.

నా బిడ్డ ప్రాజక్తది మరాఠీ బడి.
జోకు తెలుగుల విని, లోపల మరాఠీ జేసుకొని,
అందరి నవ్వు అయిపోయినంక ఒక్కతే నవ్వుతదట.
మా ఆయనను అడుగుత, ఎట్లుండె అని.
"పర్వాలే."
మూడేండ్లు, అదే గ్రేడు.

మొన్న ఆషాఢం వాన.
గనిల నీళ్ళు నిండినయి, డిపో బంద్.
తొమ్మిదింటికే ఇల్లు జేరి
తడి చీరెతోనే టీవీ ముందు కూసున్న.
గెస్టు ఒక వంటలాయన.
పంచాయితీ స్కిట్టు, కోడి పోయిన కేసు.
వంటలాయన గట్టిగ మాట్లాడిండు, చెమట తుడుచుకున్నడు.
ఎవరో ఎనుకకెల్లి పడ్డరు.
టీవీల జనం నవ్విన్రు.
నాకు రాలే.
మా ఆయన దిక్కు చూసిన, ఆయన గోడ గడియారం దిక్కు చూస్తాండు.
శోభాతాయి పంచెకట్టులు లెక్కపెడ్తాంది.
ప్రాజక్త నవ్వు కోసం ఆగిన.
అది నిద్రపోయింది.

గింతేనా? గీ ఖాళీ బండినా
ఊరంతా గన్ని దినాలు తూచింది?

తెల్లారి బండి కాడికి పోయిన.
ఓదెలు మొదటిసారి నన్నే అడిగిండు,
"డ్యూటీ లేకుండెగద అక్కా, చూసినవా? ఎట్లుండె?"
కాంటా మీద ఏనాడూ అబద్ధం రాయని చెయ్యి నాది.
"లేదు, పండుకున్న. నువ్వే చెప్పు" అన్న.

ఇగ సురువు జేసిండు.
కోడి కేసు. వంటలాయనే కోడి తరఫు వకీలు.
లేసి చేతులు కట్టుకొని అన్నడట:
"అయ్యా, నా పార్టీ కోర్టుకు రాలేడు.
సగం ఉడికిండు."

నా నోట్ల చాయ్ ముక్కులకెల్లి వచ్చింది.
ఆ మాట టీవీల లేదు.
రెండు కండ్లతో చూసిన, లేదు.
వకీలే లేడు.

గట్టయ్య సాసరు కింద పెట్టిండు.
ఇగ దొరికిపోయిండు ఓదెలు అనుకున్న.
"సగం గాదు రా, అబద్ధాలకోరు.
ముప్పావు.
రెండు విజిళ్ళు గూడ వచ్చినయి."
"ఒకటే!"
"రెండు!"

ఇద్దరూ నా దిక్కు తిరిగిన్రు.
ఇంకో చాయ్ చెప్పిన.