పాయ

"నిప్పుల్లో కాదయ్యా, నివురులో పెట్టాలి!"
గోడవతల నుంచి కనకరత్నం గారి కేక.
అప్పటికే రెండు పాయలు బొగ్గు చేశాను.

పద్నాలుగేళ్లుగా పంటు నడుపుతున్నవాణ్ణి.
వశిష్ఠ పాయ ఎక్కడ లోతో, ఎక్కడ మేట వేసిందో
ఇంజిను గొంతు మారితే చెప్పగలను.
వెల్లుల్లి పాయ ఎప్పుడు మగ్గుతుందో
నాకెవరూ చెప్పలేదు.

సత్యవేణికి తల్లి లేదు. నాకూ లేదు.
నరసాపురం ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు
పాపని పక్కలో వేసి, వంటగది కేసి చూసి
ఇద్దరం కాసేపు ఏమీ అనుకోలేదు.
తర్వాత నేనే లేచి
అటక మీది కుంపటి దింపి దులిపాను.

గ్యాసు పొయ్యి మీద కుదరదట.
కొబ్బరి డొక్కలు రాజేసి, మంట చచ్చేదాకా ఆగి,
నిప్పు బూడిద కప్పుకుని కళ్లు మూశాక
అప్పుడు పొట్టుతోనే పాయని లోపలికి తొయ్యాలి.
తొయ్యడం కాదు, పడుకోబెట్టాలి.
ఇదీ గోడవతల మాటే.

"ఎంతసేపండీ?"
"వాసనే పిలుస్తుంది. ఈలోగా కెలక్కు."

మొదటి రోజు పిలవకముందే తీశాను. పచ్చి.
రెండో రోజు పిలిచిందేమో, నేను నది మధ్యలో ఉన్నాను,
ఎండుచేపల గంపలు, ఆరు మోటారు సైకిళ్లు,
అరటిగెలల ఆటో ఒకటి నెత్తిన పెట్టుకుని.
మూడో రోజు వాన. డొక్కలు చెమ్మ.
పొగకి నా కళ్లు కారుతుంటే సత్యవేణి నవ్వింది.
కుట్లు లాగుతున్నాయి, నవ్వించకు, అని
మళ్లీ నవ్వింది.

నాలుగో రోజు కుంపటి ముందు నుంచి కదల్లేదు.
మనసులోనే పంటు కట్టు విప్పాను.
రేవు వదలడం, మేటని చుట్టి రావడం,
సఖినేటిపల్లి గట్టు మీద మనుషులు మనుషుల్లా కనపడటం,
గొలుసు విసరడం.
మళ్లీ ఇటు.
రెండోసారి గొలుసు చప్పుడయ్యే వేళకి
వచ్చింది వాసన.
ఘాటంతా అవతలి ఒడ్డున దింపేసి
ఖాళీగా, తీపిగా.

గిల్లితే రెబ్బ పొట్టు వదిలి వేళ్ల మధ్యకి జారింది,
మెత్తగా, తేనె రంగులో,
పాప చెవి తమ్మెంత.

వేడన్నంలో నలిపి, కారప్పొడి, ఇంత నెయ్యి.
నిండు గోదారిలో వణకని చెయ్యి
పళ్లెం అందిస్తుంటే వణికింది.
"ఉప్పు మర్చిపోయావు," అంది.
మెతుకు మిగల్చలేదు.

టికెట్టు కుర్రాడు రాని రోజు చిల్లర నేనే ఇస్తాను.
నిన్న రొయ్యల బుట్ట దింపుకుంటూ ఒక ముసలామె
నేనిచ్చిన పది నోటు ముక్కు దగ్గర పెట్టుకుంది.
"ఇంట్లో బాలింతా?"
ఆయ్, అన్నాను.
ఆడపిల్లా, మగపిల్లాడా అని అడగలేదు.
"నివురులోనే పెడుతున్నావా?"

రాత్రి సత్యవేణి వీపు తిప్పి కూర్చుంది.
చేతులు పైకి లేవట్లేదు, జడ వెయ్యమంది.
మూడు పాయలు తియ్యాలట.
నాకు తెలిసినవి రెండే,
ఒకటి దాటేది, ఒకటి కాల్చేది.
గోడవతల దీపం కూడా ఆరిపోయింది.

"వేళ్లు వెల్లుల్లి వాసన," అంది.
"సబ్బుతో కడిగానే!"
"పోదులే. చిక్కు లాక్కుండా దువ్వు."

పాప నిద్దట్లో ఏదో చప్పరిస్తోంది.
దువ్వెన నోట్లో పట్టుకుని
మొదటి పాయ విడదీశాను.