తొంభై సెకన్లకొక కెరటం

గంగారాం మీట నొక్కుతాడు.
గోడ కింద ఇనుమేదో మూలుగుతుంది,
నీళ్ళు ఒక పక్కకి ఒత్తిగిల్లి
కెరటమై లేస్తాయి.
నిన్నటిదే.
పొద్దున్న బ్రెజిల్ పిల్ల ఎక్కి దిగిందీ ఇదే.

మా జాలారిపేటలో కెరటాన్ని తిట్టొచ్చు.
కొండగాలి అడ్డం తిరిగిందనొచ్చు,
అమాస పోటు తొందరపడిందనొచ్చు,
ఓడిపోయినా ఇసకలో చతికిలబడి
తప్పంతా సముద్రానిదేనని
వేయించిన కవళ్ళు తినొచ్చు.
ఈ అబూదాబీ ఎడారిలో తవ్వి నింపిన నీళ్ళల్లో
తిట్టడానికెవరూ లేరు.
అందరికీ అదే ఎత్తు, అదే వంపు, అదే పొడవు.
తేడా ఏదైనా ఉంటే అది నేనే.

ఉప్పు లేదు. బోర్డు ఓ వేలెడు ఎక్కువ మునుగుతుంది.
ఛాతీ మీద రంగుల కంపెనీ పేరు,
మూడు నెలల డబ్బు ఇంకా రాలేదు.
పేరు మాత్రం ఎంత తడిసినా వెలవదు.

నిన్న జట్టు డాక్టరమ్మ కాగితం ఇచ్చింది.
'మీ ఒత్తిడికి కారణాలు రాయండి.'
నాలుగు గీతలు.
నాలుగే.
మొదటి గీత మీద బాల్‌పెన్నుతో
మోకాలు అని రాసి, కొట్టేశాను.
ఆ కాగితం చివరికి ఎవరి బల్ల మీద తేలుతుందో తెలుసు.
స్కానింగులో తెల్లగా కనబడ్డ పగులు
ఇప్పటిదాకా నాకూ, గాజువాకలో ఓ టెక్నీషియన్‌కీ మధ్యే ఉంది.
కొట్టేసినా అక్షరాలు కనబడుతున్నాయని
దాని మీదే స్కెచ్ పెన్నుతో లావుగా
నిద్ర అని దిద్దాను.
నిద్ర అందరికీ తక్కువే.
నిద్ర చాలలేదని ఎవర్నీ జట్టులోంచి తియ్యరు.

రెండో గీతకి ఏం రాయను?
నాది ముప్పై నాలుగో స్థానమనా,
వచ్చే ఏడు పిలుపు ముప్పై రెండు దాకేననా?
బోర్డుకి విమానంవాళ్ళు గుంజే అదనపు డబ్బులా,
నా ఒళ్ళు రెండు ఛాయలు తగ్గించి అచ్చేసిన పోస్టరా?
పదిహేనేళ్ళ మంగళూరు పిల్ల
పక్కనే కూచుని జడ బిగించుకుంటూ
"మీ వీడియోలు చూసే నేర్చుకున్నా, అక్కా" అంది.
అదీ ఒత్తిడేనని రాస్తే నవ్వరూ?

కెరటం మీద పద్నాలుగు సెకన్లు.
దిగాక, మార్కు పడేదాకా నలభై.
ఆ నలభైలో
ఐదుగురి కనుబొమలకేసి చూస్తూ
నడుం లోతు నీళ్ళల్లో నేను మనిషిని కాను,
ఇంకా వెయ్యని అంకెని.

గంగారాంది జగిత్యాల దగ్గర ఏదో ఊరు.
పదకొండేళ్ళుగా ఇక్కడే. ఈత రాదు.
రోజుకి నాలుగొందల కెరటాలు పుట్టిస్తాడు.
"నీకుండదా అన్నా, టెన్షన్?" అన్నాను.
"మీట ఒక్క సెకను లేటయితే
నాకు మార్కులెయ్యరు చెల్లె,
టికెటు చేతుల వెడ్తరు" అన్నాడు,
టీ గ్లాసు మీద ఈగని తోలుతూ.
కాసేపాగి,
"రాత్రి బందు జేసేటప్పుడు
మిషిను కడుపుల మిగిలిన గాలి ఇడుస్తం.
గప్పుడొకటొస్తది. లెక్క లేదు, సక్కదనం లేదు.
ఎవ్వలెక్కరు."

పదకొండుకి దీపాలు సగం ఆరాయి.
ఎక్కాను.
కెరటం కాదది, నిద్దర్లో లేపిన గేదె.
ఎడమకి రావాల్సింది కుడికి తూలి
దారిలో మనసు మార్చుకుని
నన్ను గోడవారగా కుమ్మేసి పోయింది.
మోకాలు చురుక్కుమంది.
నీళ్ళుమ్మి, గోడ పట్టుకుని,
"దీనమ్మ కడుపు మాడా, ఇదేం కెరటం రా!"
అని అరిచాను.

తొమ్మిది రోజుల్లో మొదటిసారి
తప్పు నాది కాదు.

పైన గాజు గదిలో గంగారాం
నవ్వాడో కంగారుపడ్డాడో కనబడలేదు.
రేపు పది నలభైకి నా వంతు.
సంచీలోంచి కాగితం తీశాను,
మూడు గీతలు ఖాళీగానే ఉన్నాయి.
చేతి తడి తగిలి
నిద్ర మెల్లగా అలుక్కుపోతోంది,
కింద నుంచి మోకాలు తేలుతోంది.