మూగ కీచురాయి

పోర్తోలో, నదివైపు దిగే సందులో,
చెప్పుల దుకాణానికీ చేపల డబ్బాల దుకాణానికీ మధ్య
ఇరుక్కుని ఉంటుంది నా రిపేరు కొట్టు.
జూన్ నెల, మధ్యాహ్నం.
బెల్మీరో స్పీకరు పెట్టెను
నిద్రపోతున్న పిల్లాణ్ణి మోసినట్టు మోసుకొచ్చాడు.
పెట్టె నెత్తిన బుల్లి పంజరం,
పంజరంలో లెట్యూస్ ఆకు,
ఆకు మీద నల్లటి కీచురాయి.

"రెండూ చెడ్డాయి" అన్నాడు.
"దీంట్లో తాళాల మెరుపు పోయింది.
ఇదేమో మనవరాలి కోసం సంతలో కొన్నా, మూగది.
సాయంత్రం వాడికే తిరిగిచ్చేస్తా."

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు,
మోకాలి పక్కనే ఇంజను.
ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే రికార్డు పెట్టేవాడు,
ఆ మోతను ఇంకో మోతతో కడుక్కోవాలని.
పాటంటే చెవి కోసుకునే మనిషి.
నిజంగానే కోసుకుంటున్నాడని ఎవరికీ తెలీలేదు.
రక్తం రాదు కదా.

స్పీకరు విప్పాను.
సన్నటి స్వరాలు పలికే చిన్న గిన్నె,
దాని పట్టుగుడ్డ, వెంట్రుకంత రాగితీగ,
అన్నీ కొత్త పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.
మీటరు ముల్లుకి మొహమాటం లేదు.
అప్పుడు గమనించాను:
బల్ల మీద కీచురాయి
వచ్చినప్పట్నుంచీ ఆపకుండా కూస్తోంది,
కొట్టంతా రంపంతో కోస్తున్నట్టు.
బెల్మీరో దాన్నే చూస్తూ జాలిగా అన్నాడు,
"పాపం, ఒక్కసారైనా గొంతు విప్పలేదు."

స్క్రూడ్రైవరు చేతిలోనే ఆగిపోయింది.

ఏ భాగం చెడిందో చెప్పడమే నా వృత్తి.
ఈ భాగం నా సొరుగుల్లో లేదు.
ఎవరి సొరుగుల్లోనూ లేదు.

నా ఎడమచెవిలోనూ ఒక కీచురాయి ఉంది.
ఇరవయ్యేళ్లప్పుడు హెడ్‌ఫోన్లు తగిలించుకునే నిద్రపోయేదాన్ని,
పక్కగది వాళ్లకి ఇబ్బంది లేదని గర్వంగా.
దానికి పంజరం లేదు, ఆకు వెయ్యక్కర్లేదు,
చలికాలంలోనూ చావదు.

మాట రాలేదు నాకు.
పంజరం ఎత్తి అతని అరచేతిలో పెట్టి
చూపుడువేలు పుల్లల మీద ఆనించాను.
వేలికి తెలిసింది వణుకు.
బెల్మీరో చాలాసేపు
వేలు తియ్యలేదు, తల ఎత్తలేదు.
"ఎప్పట్నుంచి?"
"మీట రోజుకో వెంట్రుకవాసి పెంచుతూ వచ్చినప్పట్నుంచి."

తొక్కిన గడ్డి రాత్రికి రాత్రే లేచి నిలబడుతుంది.
రోజూ అదే దారిన తొక్కితే
బాట పడుతుంది, ఇక మొలవదు.
చెవి లోపల కూడా అలాంటి గడ్డే.
ఇది డాక్టరు చెప్పాల్సిన మాట.
వెళ్లి చూపించుకోమన్నాను.
ఆంప్లిఫయరు మాత్రం నా దగ్గరికి తెమ్మన్నాను.

తెచ్చాడు, మర్నాడే.
నా గోళ్లరంగు సీసా తీసి
మీట పక్కన ఒక ఎర్రచుక్క పెట్టాను,
గడియారంలో తొమ్మిది ఉండేచోట.
దీన్ని దాటొద్దు, ఆదివారమైనా సరే.
ఒక రికార్డు అయ్యాక కాఫీ కాచుకోండి, ఏ పాటా లేకుండా.
వంటింట్లోంచి ఒదీలియా పిలిస్తే
మీకు వినబడాలి. అదే కొలత.
కంటికి రెప్ప ఇచ్చిన దేవుడు
చెవి దగ్గరికొచ్చేసరికి అలిసిపోయాడేమో,
చెవికి రెప్ప ఈ మీటే.

బిల్లులో ఏం రాయాలో తోచలేదు.
"గోళ్లరంగు, ఒక చుక్క" అని రాసి
డబ్బు గడిలో సున్నా చుట్టాను.

మూడు వారాలకి ఒదీలియా వచ్చింది, రికార్డు సూది కొనడానికి.
"కీచురాయిని తిరిగివ్వలేదండీ,
కిటికీలో పెట్టుకున్నాడు.
ఇప్పుడు పాడుతోందా అని
రాత్రికి నాలుగుసార్లు అడుగుతాడు నన్ను.
పాడకపోయినా ఔననే అంటాను."
సూది డబ్బీ సంచిలో వేసుకుంది.
"అలా అన్నప్పుడల్లా మీట ఇంకాస్త తగ్గిస్తాడు,
దానికి దారి ఇస్తున్నట్టు."