నేర్పని వరాళి

నల్లకుంటలో అలివేలు టీచర్ ఇంటికి మెట్లు పదకొండు.
పన్నెండోది గడప.
వరాళి రోజున నన్ను ఆ గడప దాటనిచ్చేవారు కాదు.

"అది నేర్పితే ఇద్దరికీ చెడుతుందే పిల్లా.
నేను వంటింట్లో పోపేసుకుంటూ నాకోసం పాడుకుంటా.
నీ చెవులు నీ ఇష్టం."

మెట్ల మీద కూచుని విన్నాను,
ఆవాల చిటపటల మధ్య,
పంచమం భుజానికి తల ఆనించేంత దగ్గరగా వెళ్ళి
ఆనించకుండా ఆగిపోయే ఆ మధ్యమాన్ని.

బేస్ సంగతి ఇంకో రోజు తెలిసింది.
ఏడో క్లాసు. జంటస్వరాలు. నిమజ్జనం నాడు.
శంకరమఠం రోడ్డు మీంచి డీజే లారీ వస్తోంది,
పాట వినపడకముందే
మజ్జిగ గ్లాసు నడిచింది
శ్రుతిపెట్టె పక్కనుంచి చాప అంచు దాకా, బుద్ధిగా.
టీచర్ తాళం ఆపి "రాక్షసులు" అన్నారు.
నా పొట్టలో ఎవరో తలుపు కొట్టారు.
తీశాను.

ఇప్పుడు మౌలాలిలో టైర్ల షాపు పైన నా గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, వాటి మీద అమ్మమ్మ బొంతలు.
సబ్‌వూఫర్ ఒకటి, దాని వాయిదాలింకా ఏడు.
"అక్కా, నీ పాటకు నా స్పానర్లు ఎగురుతున్నయ్" అని
ఖదీర్ భాయ్ కిందినుంచి కేకేసి
కోపమొస్తే కంప్రెసర్ ఆన్ చేస్తాడు.
దాని శ్రుతి ఒకటిన్నర.
రెండు పాటల్లో వాడుకున్నాను, ఆయనకి చెప్పలేదు.

నిరుడు ఎండాకాలం ఆ మెట్ల మీదే
ఫోను చున్నీ కింద దాచి
వరాళిని పట్టుకొచ్చాను, ఆవాలతో సహా.
తెర మీద పరిచాను.
సాఫ్ట్‌వేర్‌కి పాపం ఏం తెలుసు,
ఆ మధ్యమాన్ని చూసి తప్పనుకుంది,
చెవి మెలేసి తీసుకొచ్చి గీత మీద నిలబెట్టింది.
అరవయ్యేళ్ళ సాధన
అర సెకనులో హార్మోనియం అయిపోయింది.

తెల్లారేదాకా కూచుని
ఒక్కో స్వరాన్నీ మళ్ళీ తప్పుచేశాను.

దాని కింద నలభై హెర్ట్జ్ బేస్,
చెవులకి కాదు, మోకాళ్ళకి.
దాని పైన నా గొంతు,
ఆవిడ కొంగు పట్టుకున్నట్టు ఒకడుగు వెనక.

శనివారం రాత్రి ఖాజాగూడ క్లబ్బులో వేశాను.
పోస్టర్ మీద నా పేరు మంద్ర,
ఇంట్లో పేరు రాస్తే టిక్కెట్లు అమ్ముడుపోవన్నారు.
చెమటతో ఎగురుతున్న రెండొందల మంది
చిటపట దగ్గర ఒక్కసారి ఆగిపోయారు.
"ఆ సౌండ్ ఏ ప్లగిన్?" అని అడిగాడొకడు.
పోపు అన్నాను.
రాసుకున్నాడు.

ఆదివారం పదకొండు మెట్లూ ఎక్కి
నేరం ఒప్పుకోవడానికి వెళ్ళాను.
హెడ్‌ఫోన్లు ఆవిడ ముడి మీద నిలవలేదు,
రెండు చేతుల్తో చెవులకి అదిమిపెట్టుకున్నారు
పిడుగులప్పుడు పిల్లలు మూసుకున్నట్టు.

"ఆ రోజు ఆవాలు మాడ్చానా?" ముందు అడిగింది అదే.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
కుడి చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేచి
మోకాలి మీద పడింది, మళ్ళీ లేచింది,
నా బేస్ కన్నా సగం వేగంలో.

"కింద ఆ గుండెదడ ఎవరిదే?"
"నాదే టీచర్."
"గాంధారం తర్వాత నన్ను ఊపిరి తీసుకోనివ్వట్లేదు.
కాస్త జరగమను."

ఇంక చెడిందనుకుని తల వంచుకున్నాను.
"నేను నేర్పలేదుగా" అన్నారు
హెడ్‌ఫోన్లు తీసి కొంగుతో తుడుస్తూ.
"దొంగతనానికి దోషం లేదు."

జరిపాను. అర మాత్ర, అంతే.
ఆ సందులో ఇప్పుడు ఆవిడ ఊపిరి వినిపిస్తుంది,
దాని వెనక, బాగా వెనక, మెట్ల మీద
ఎవరో మెల్లగా చెప్పులు విప్పుతున్న చప్పుడు.

నేను కాదు.
నేనప్పటికే కూచుని ఉన్నాను.